నా తేదీ వేరు, బిట్‌కాయిన్ తేదీ వేరు

మా బావమరిదికి ఒక అలవాటు ఉంది. బిట్‌కాయిన్ కొత్త రికార్డు కొట్టిన ప్రతిసారీ ఆ గ్రాఫు స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపిస్తాడు, కింద ఒకటే ముక్క: "చూశావా బావా?" 2024 మార్చిలో పంపాడు, అదే ఏడాది డిసెంబరులో లక్ష డాలర్లు దాటినప్పుడూ పంపాడు, ఆ తర్వాత నేను లెక్కపెట్టడం మానేశాను. పడిపోయినప్పుడు మాత్రం వాడి ఫోన్‌కి సిగ్నల్ ఉండదు.

వాడు అలా పంపడానికి ఒక కథ ఉంది. 2021 నవంబరులో, ధర 60 వేల డాలర్ల పైన ఊగుతున్న రోజుల్లో, ఇంటి అడ్వాన్సు కోసం పక్కన పెట్టుకున్న డబ్బులోంచి పెద్ద ముక్క తీసి బిట్‌కాయిన్ కొన్నాను. వాడు చెప్పినందుకు కొంత, నాకున్న దురద వల్ల ఎక్కువ. తమాషా ఏంటంటే, నేను జూదం ఆడుతున్నానని ఆ రోజు అనుకోలేదు. బ్యాంకులో పడి ఉంటే ద్రవ్యోల్బణం తినేస్తుంది, ఇక్కడైతే విలువ నిలబడుతుంది, నేను బాధ్యత గల మనిషిని, ఇలా నాకు నేనే చెప్పుకున్నాను. ఏడాది తిరిగింది, ఇల్లు కుదిరింది, అడ్వాన్సు కట్టాల్సిన రోజు వచ్చింది. ఆ రోజుకి నేను దాచింది దాచినదాంట్లో నాలుగో వంతు అయ్యింది. అమ్మేశాను, మిగతాదానికి అప్పు చేశాను.

"ఓపిక పట్టలేదు బావా నువ్వు, ఉంచి ఉంటే రెండేళ్లలో మొత్తం తిరిగొచ్చేది" అంటాడు వాడు. నిజమే, లెక్క సరిగ్గా అలాగే ఉంది. 2021 నవంబరు నాటి 69 వేల డాలర్లని అది 2024 మార్చిలో మళ్లీ దాటింది. కానీ ఇల్లు అమ్మేవాడికి నేను ఆ మాట చెప్పగలనా? "అయ్యా, కాస్త ఆగండి, ఇంకో పదహారు నెలల్లో మీ అడ్వాన్సు దానంతటదే పెరిగి వస్తుంది" అని?

క్రిప్టోలో, అంటే బిట్‌కాయిన్ లాంటి డిజిటల్ నాణేల్లో, విలువ దాచుకోవడం తెలివైన పనేనా అని ఎవరైనా అడిగితే నేను మొదట ఈ తేదీ సంగతే తీస్తాను. జనం ఈ ప్రశ్నని ఎప్పుడూ ధర గురించిన ప్రశ్నలా వాదిస్తారు, పెరుగుతుందా పెరగదా అని. దాచుకోవడం అంటే అది కాదు కదా. ఇవాళ నా దగ్గర ఒక మనిషి ఆరు నెలలు బతకడానికి సరిపడా ఉంది, అవసరం పడిన రోజున, అది ఏ రోజో నాకు ఇవాళ తెలియదు, ఆ రోజున కూడా అటూ ఇటుగా ఆరు నెలలకు సరిపడా ఉండాలి. ఏడాదికి సరిపడా అయ్యిందా, సంతోషమే, కానీ నేను దాచింది అందుకోసం కాదు. నెలన్నరకి సరిపోయేంత అయ్యిందంటే మాత్రం ఆ పెట్టె పని చేయలేదని అర్థం, మరుసటి ఏడాది అది ఎంత ఎత్తుకి ఎగిరినా సరే.

ఆ లెక్కన బిట్‌కాయిన్ చరిత్ర చూడండి. 2013 చివర్లో 1,100 డాలర్లు దాటి, 2015 మొదట్లో 200 దగ్గరికి దిగింది. 2017 డిసెంబరులో 20 వేల దాకా వెళ్లి, ఏడాది తిరిగేసరికి 3,200 దగ్గర ఉంది. 2020 మార్చి 12న ఒక్క రోజులో దాదాపు 40 శాతం పోయింది. 2021 నవంబరులో 69 వేలు, 2022 నవంబరులో 16 వేల లోపు. మొత్తం మీద గ్రాఫు పైకే పోయింది, ఎవరూ కాదనరు, కానీ ఆ మొత్తం మీద అనే మాట మొదటి నుంచి చివరిదాకా కదలకుండా కూర్చోగలిగినవాడికే వర్తిస్తుంది. మధ్యలో ఉద్యోగం పోయినవాడికి, ఆస్పత్రి బిల్లు వచ్చినవాడికి వర్తించదు. ఇంకో దరిద్రం కూడా ఉంది: ఉద్యోగాలు పోయే కాలమూ బిట్‌కాయిన్ పడే కాలమూ తరచుగా ఒకటే అవుతాయి. 2020 మార్చిలో ప్రపంచమంతా భయపడి షేర్లు అమ్ముకుంటున్నప్పుడు అది కూడా వాటితో పాటే పడింది. వర్షం పడినప్పుడే చిల్లు పడే గొడుగు లాంటిదన్నమాట.

ద్రవ్యోల్బణం నుంచి కాపాడుతుందనే మాట నేనూ నమ్మాను కాబట్టి దాని గురించి కూడా చెప్పాలి. దీనికి ఒక అసలైన పరీక్ష జరిగింది. 2022 జూన్‌లో అమెరికాలో ద్రవ్యోల్బణం 9.1 శాతానికి చేరింది, నలభై ఏళ్లలో అంత ఎప్పుడూ లేదు. బిట్‌కాయిన్ పుట్టిందే ఇలాంటి రోజు కోసమని పదేళ్లుగా చెబుతూ వచ్చారు. సరిగ్గా ఆ నెలలోనే అది 20 వేల డాలర్ల కిందికి జారింది. కారణం పెద్ద మిస్టరీ ఏమీ కాదు. ధరలు పెరిగితే కేంద్ర బ్యాంకులు వడ్డీ రేట్లు పెంచుతాయి, వడ్డీ పెరిగితే చౌకగా అప్పు తెచ్చి రిస్కు మీద పెట్టిన డబ్బంతా వెనక్కి పోతుంది, ఆ డబ్బులో కొంత ఈ నాణేల్లోనూ ఉంది. డబ్బు విరివిగా ముద్రించేటప్పుడు బిట్‌కాయిన్ బాగా పెరుగుతుంది, ఆ ముద్రణ ఫలితంగా ధరలు మండేటప్పుడు పడుతుంది. అంటే రోగం రాకముందు పని చేసి, వచ్చాక చేతులెత్తేసిన మందు.

ఇక్కడే మా వాడు బంగారం తీస్తాడు, తీసినప్పుడు నేను కాస్త తగ్గాలి. ఎందుకంటే వాడి దగ్గర మంచి పాయింటు ఉంది. "ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే అని బంగారాన్ని నెత్తిన పెట్టుకుంటారు, 1980 జనవరిలో కొన్నవాడిని అడుగు బావా" అంటాడు. అప్పుడు ఔన్సు 850 డాలర్లు. 1999లో 250కి అటూ ఇటూ. మళ్లీ ఆ 850 కనిపించింది 2008 జనవరిలో, అదీ ఉత్త అంకెల్లో. మధ్యలో పెరిగిన ధరలు లెక్కలోకి తీసుకుంటే ఇంకా చాలా ఏళ్లు పట్టింది. పాతికేళ్ల వయసులో కొన్నవాడికి యాభై దాటాక అసలు చేతికొచ్చింది. కాబట్టి బంగారం ఎప్పుడూ మోసం చేయదు అనేవాళ్ల మాట నేను వినను, అది కూడా తప్పు రోజున కొన్నవాణ్ని ముంచింది.

అయినా తేడా ఉంది. బంగారం 70 శాతం కోల్పోవడానికి పంతొమ్మిదేళ్లు తీసుకుంది, మనిషికి తన ప్లాను మార్చుకునే వ్యవధి ఇచ్చింది. బిట్‌కాయిన్ అంతకంటే ఎక్కువ ఒక్క ఏడాదిలో, మూడు నాలుగు సార్లు చేసి చూపించింది. ఇంకోటి, బంగారం పడుతున్నప్పుడు కింద నుంచి పట్టుకునే చేతులు ఉంటాయి: నగలు చేయించుకునేవాళ్లు, కేంద్ర బ్యాంకులు, కొంతవరకు పరిశ్రమలు. ధర తగ్గిందని సంబరపడి కొనేవాళ్లు వీళ్లు. బిట్‌కాయిన్ పడుతున్నప్పుడు కొనేవాడు ఒకడే, రేపు పెరుగుతుందని నమ్మేవాడు. వాడి నమ్మకం ఆ రోజు ఎలా ఉందన్నదే మొత్తం విషయం.

సరే, అందరూ చెప్పే ఆ పెద్ద వాదనకి వద్దాం. 2 కోట్ల 10 లక్షలు. అంతకు మించి బిట్‌కాయిన్లు రావు. మొదట్లో, 2009 జనవరిలో, దాదాపు పది నిమిషాలకొకసారి తయారయ్యే ప్రతి బ్లాకుకీ (లావాదేవీల పద్దులో ఒక పేజీ లాంటిది) 50 కొత్త నాణేలు వచ్చేవి, ప్రతి 2,10,000 బ్లాకులకి అది సగం అవుతుంది, 2012లో 25, 2016లో 12.5, 2020లో 6.25, 2024 ఏప్రిల్ నుంచి 3.125. చివరి చిల్లర వచ్చేసరికి 2140 ప్రాంతం అవుతుంది. బంగారం ఏటా తవ్వితీసేది ఉన్న నిల్వలో 2 శాతం లోపు ఉంటుంది, బిట్‌కాయిన్ కొత్త సరఫరా ఇప్పటికే 1 శాతం లోపుకి వచ్చేసింది. ఇంత పక్కాగా ముందే చెప్పి, చెప్పినట్టే పదిహేనేళ్లకు పైగా నడిచిన డబ్బు నాకు తెలిసి మరొకటి లేదు. ఇది నేను మెచ్చుకునే విషయమే. ఏ మంత్రీ, ఏ గవర్నరూ రాత్రికి రాత్రి మార్చలేడు.

కానీ అరుదైనంత మాత్రాన విలువ వచ్చేస్తుందా? నా చిన్నప్పటి లెక్కల నోటుపుస్తకం ప్రపంచంలో ఒక్కటే ఉంది. ఇది పాత జోకే, దీనికి వాళ్లకి జవాబు ఉంటుంది. జవాబు లేని ఉదాహరణ వేరే ఉంది. 2017 ఆగస్టు 1న బిట్‌కాయిన్ వాళ్లలో వాళ్లకి బ్లాకు సైజు మీద గొడవొచ్చి చీలిపోయి బిట్‌కాయిన్ క్యాష్ పుట్టింది. ఆ రోజు దాకా రెండిటి చరిత్రా ఒకటే, 2009లో మొదలైన అదే పద్దు. పరిమితి అదే 2 కోట్ల 10 లక్షలు. సగం అయ్యే పద్ధతీ అదే. అరుదుదనమే విలువకి మూలమైతే రెండూ సమానంగా నిలవాలి. ఇవాళ ఒకదాని ధర పక్కన రెండోది పెట్టి చూస్తే చిల్లరలా కనిపిస్తుంది. ఇటు చూస్తే డోజ్‌కాయిన్, 2013లో జోకుగా మొదలుపెట్టింది, పరిమితే లేదు, ఏటా 500 కోట్ల కొత్త నాణేలు వస్తూనే ఉంటాయి, దాన్నీ జనం కొంటున్నారు. అంటే విలువ ఆ అంకెలో లేదు. అందరూ దేని చుట్టూ చేరితే దానికి వచ్చింది. డబ్బంతా అలాంటి ఒప్పందమే కదా అంటారు, అవును, ఒప్పందమే. అలాంటప్పుడు ఒప్పందం అనే చెప్పండి, గణితం కాపాడుతోంది అనకండి. గణితం సరఫరాని మాత్రమే కాపాడుతుంది. రేపు ఎంతమందికి అది కావాలి అన్నదాని మీద గణితానికి ఏ అదుపూ లేదు.

సరఫరా ఆగితే ఇంకో చిక్కు ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. తమ కంప్యూటర్లతో కొత్త బ్లాకులు తయారుచేస్తూ ఈ పద్దుని కాపలా కాసేవాళ్లకి, అంటే మైనర్లకి, జీతం వచ్చేది ముఖ్యంగా ఆ కొత్త నాణేల నుంచే. అది నాలుగేళ్లకొకసారి సగం అవుతోంది. ధర ప్రతిసారీ రెట్టింపు అయితే సరిపోతుంది, లేదా పంపుకునేవాళ్లు కట్టే ఫీజులు పెరగాలి. ఊరికే దాచుకుని కదపకుండా కూర్చునే నాణేలు ఫీజు కట్టవు. అందరూ దాపు కోసమే వాడితే కాపలావాడికి కూలి ఎవరిస్తారన్నది నిజంగా తేలని ప్రశ్న. యాభై ఏళ్లు దాచాలనుకునేవాడు ఆలోచించాల్సింది ఇదే, రేపటి ధర కాదు.

ఇంతా రాశాక, ఇది అందరికీ పనికిరాని వస్తువు అని తేల్చేస్తే అన్యాయం అవుతుంది. నా పోలిక ఎప్పుడూ ఒక మోస్తరుగా పని చేసే బ్యాంకుతో. అది లేనివాళ్ల సంగతి వేరు. 2001 చివర్లో అర్జెంటీనాలో డిపాజిట్లు తీసుకోనివ్వకుండా బిగించేశారు. 2013లో సైప్రస్‌లో పెద్ద బ్యాంకు దగ్గర లక్ష యూరోలు దాటిన డిపాజిట్ల నుంచి కోత పెట్టారు. 2019 నుంచి లెబనాన్‌లో సొంత ఖాతాలో సొంత డాలర్లు అంకెల్లా కనిపిస్తాయి, చేతికి రావు. ఏడాదికి ధరలు మూడింతలయ్యే చోట, ఏ రాత్రి ఏ ఆర్డరు వస్తుందో తెలియని చోట, 70 శాతం పడొచ్చు కానీ నా చేతిలోనే ఉంటుంది అనేది చెడ్డ బేరం కాదు. వాలెట్‌ని, అంటే నాణేలు దాచే డిజిటల్ పెట్టెని, తెరిచే పన్నెండు మాటలు బట్టీ పట్టి ఉత్త చేతులతో సరిహద్దు దాటగలిగే ఆస్తి చరిత్రలో ఇంతకుముందు లేదు. బంగారాన్ని సరిహద్దులో లాక్కోవచ్చు. లాక్కోవడం దాకా ఎందుకు, 1933లో అమెరికా ప్రభుత్వమే జనం దగ్గర ఉన్న బంగారాన్ని ఔన్సు 20.67 డాలర్లకి అప్పగించమని హుకుం జారీ చేసింది, తర్వాత ఏడాది దాని ధరని 35 చేసుకుంది.

కానీ ఆ దేశాల్లో క్రిప్టో వాడేవాళ్లు ఏం కొంటున్నారో గమనిస్తే ఒకటి తెలుస్తుంది. దాచుకోవడానికి వాళ్లలో చాలామంది స్టేబుల్‌కాయిన్లు కొంటారు, డాలర్‌కి కట్టేసిన నాణేలు. అంటే నిజంగా దాపు కావాల్సిన మనిషికి కావాల్సింది డాలర్, అది తెచ్చిపెట్టే బండిగా మాత్రమే క్రిప్టో కావాలి. ఆ తాడు కూడా తెగుతుందనుకోండి: 2022 మేలో టెర్రా వాళ్ల స్టేబుల్‌కాయిన్ యూఎస్‌టీ, ఏటా 20 శాతం వడ్డీ ఆశ చూపించింది, వారం రోజుల్లో కుప్పకూలి తోడబుట్టిన లూనా నాణేన్ని సున్నా దగ్గరికి లాక్కెళ్లింది. 2023 మార్చిలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు మునిగినప్పుడు యూఎస్‌డీసీ అనే ఇంకో స్టేబుల్‌కాయిన్ కూడా, దాని నిల్వలో 330 కోట్ల డాలర్లు అక్కడే ఉన్నాయి కాబట్టి, 87 సెంట్ల దగ్గరికి పడి రెండు మూడు రోజుల్లో లేచింది. బ్యాంకుని నమ్మక్కర్లేదని కొన్న నాణెం బ్యాంకు మునిగితే ఊగింది!

ఎక్కడ పెట్టుకోవాలన్నది ఇంకో తలనొప్పి. బ్యాంకుల మీద నమ్మకం లేక క్రిప్టో కొన్న జనం దాన్ని తీసుకెళ్లి ఎక్స్‌చేంజ్‌లో, అంటే ఈ నాణేలు కొని అమ్మిపెట్టే కంపెనీలో, పెడతారు, కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. టోక్యోలోని ఎంటీగాక్స్ 2014 ఫిబ్రవరిలో దివాలా తీసింది, దాదాపు 8,50,000 బిట్‌కాయిన్లు కనపడట్లేదంది, తర్వాత ఓ రెండు లక్షలు ఒక పాత వాలెట్‌లో దొరికాయి. ఎఫ్‌టీఎక్స్ అనే ఇంకో ఎక్స్‌చేంజ్ 2022 నవంబరులో పోయింది, దాని అధిపతి శామ్ బ్యాంక్‌మన్-ఫ్రైడ్‌కి 25 ఏళ్ల శిక్ష పడింది. ఈ రెండిట్లో ఇరుక్కున్నవాళ్ల గతి పక్కపక్కన పెట్టి చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఎంటీగాక్స్ వాళ్లకి పదేళ్లు కోర్టుల చుట్టూ తిరిగాక 2024 జులై నుంచి పోయినదాంట్లో కొంత భాగం నాణేలుగానే వచ్చింది. అమ్ముకోవడానికి వీల్లేక బలవంతంగా పట్టుకుని ఉన్నందుకు ఆ కొంతే అప్పటి మొత్తానికి ఎన్నో రెట్లయింది. ఎఫ్‌టీఎక్స్ వాళ్లకి మాత్రం 2022 నవంబరు నాటి డాలర్ ధర కట్టి లెక్క వేశారు, అంటే అది దాదాపు అడుగున ఉన్న రోజుది. చేతికి మొత్తం వచ్చిందని పేపర్లో ఉంటుంది, అదే నాణెం మళ్లీ కొనాలంటే మాత్రం చాలదు.

సొంత వాలెట్‌లో పెట్టుకుంటే దొంగ ఎక్స్‌చేంజ్ బాధ ఉండదు, నువ్వే దొంగవి నువ్వే పోలీసువి. మాటలు రాసిన కాయితం పోతే అంతే సంగతి. 7,002 బిట్‌కాయిన్లున్న ఒక పరికరం పాస్‌వర్డు మర్చిపోయి, పదిసార్లు తప్పు కొడితే శాశ్వతంగా మూసుకుపోతుందనగా ఎనిమిది వాడేసిన ఆయన గురించి 2021లో చదివి, ఆ రాత్రి లేచి నా కాయితం చూసుకుని పడుకున్నాను. నాది ఆయన దాంట్లో వెయ్యో వంతులో వందో వంతు కూడా ఉండదు, అయినా టెన్షన్.

నాకు అన్నిటికంటే విచిత్రంగా అనిపించేది ఇంకోటి. బిట్‌కాయిన్ నిజంగా గొప్ప దాపు అయిపోయిందనుకుందాం. ఊగడం ఆగింది, ఇవాళ ఒకటి పెడితే పదేళ్లకి అదే కొనుగోలు శక్తితో ఒకటి. అప్పుడు మా బావమరిది దాన్ని కొంటాడా? స్క్రీన్‌షాట్లు పంపుతాడా? వాడు దాచుకోవడం అనే మాట వాడతాడు కానీ మనసులో ఉన్నది పదింతలు అవ్వడం. పదింతలు అయ్యే వస్తువు పదో వంతు కూడా అవుతుంది, ఈ రెండూ ఒకే తలుపులోంచి వస్తాయి. ఇవాళ కొనేవాళ్లు రేపు అది దాపుగా మారుతుందని పందెం కాస్తున్నారు, పందెం నెగ్గిన రోజున లాభం ఆగిపోతుంది. 2024 జనవరిలో అమెరికాలో నేరుగా బిట్‌కాయిన్నే కొని పెట్టుకునే ఈటీఎఫ్‌లకి (షేర్లలా కొనుక్కునే ఫండ్లకి) అనుమతి వచ్చినప్పటి నుంచి ధర ఊగడం కాస్త నెమ్మదించిందని, ఇక పెద్దవాళ్ల డబ్బు వచ్చింది కాబట్టి స్థిరపడుతుందని అంటున్నారు. అవ్వొచ్చు. పందెం కాయడం తెలివితక్కువ పని అని నేను అనను, లెక్క చూసుకుని కాసే పందెం తెలివైనదే. తేదీ ఉన్న డబ్బుతో కాయడం, కాస్తూ దానికి పొదుపు అని పేరు పెట్టుకోవడం, నేను చేసింది అది.

మీరు అడగబోయేదానికి జవాబు, అవును, ఇప్పుడూ కొంత ఉంది నా దగ్గర. అప్పు తీరాక మళ్లీ కొన్నాను. మొత్తం సున్నా అయినా నెలాఖరున ఏ చెక్కూ వెనక్కి రాకుండా ఉండేంత, ఏ తేదీ లేని డబ్బు. ఆరు నెలల ఖర్చు మాత్రం విసుగు పుట్టించే చోట, వడ్డీ కంటే ధరలు కాస్త ఎక్కువ పెరుగుతాయని తెలిసి కూడా, అలాగే పెట్టాను. ఏటా రెండు మూడు శాతం అరిగిపోతుంది, తెలుసు.

పోయిన వారం మా ఆవిడకి ఆ కాయితం ఎక్కడుందో చూపించాను, నాకేమన్నా అయితే అని. పన్నెండు మాటలూ చదివి, "ఇవేనా? ఇందులో ఒకటి తప్పు రాసుంటే?" అంది. కూర్చుని ఇద్దరం పాత ఫోన్‌లో వాలెట్ చెరిపేసి, ఆ మాటలు కొట్టి మళ్లీ తెరిచాం. తొమ్మిదో మాటలో ఒక అక్షరం నేనే సరిగ్గా రాయలేదు, మూడోసారికి తెరుచుకుంది.